డేటోనా 500 సోమవారానికి వాయిదా పడితే మీ బస్సు ఆగుతుందా, ఆగదా?

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: అట్లాంటా – డేటోనా 500 వీకెండ్ ప్యాకేజీ. వాన సూచన ఉన్నా ప్రత్యామ్నాయ ఏర్పాటు చేయకపోవడం, మా టికెట్లు మాకు ఇవ్వకపోవడంపై ఫిర్యాదు.

అయ్యా,

ఈ ఆదివారం ఫ్లోరిడాలోని డేటోనా బీచ్‌లో జరగాల్సిన డేటోనా 500 అనే నాస్కార్ కార్ల రేస్ కోసం మీ దగ్గర రెండు సీట్లు బుక్ చేసుకున్నాను. ఒకటి నాకు, ఒకటి మా నాన్నగారికి. డబ్బంతా క్రిస్మస్‌కి ముందే కట్టేశాను. శనివారం తెల్లవారుజామున ఆల్ఫారెటా నుంచి బస్సు, ఆ రాత్రికి ఓర్లాండో శివార్లలో హోటల్, ఆదివారం రేస్, రాత్రి 9 గంటలకు తిరుగు ప్రయాణం. మీరు మాకు అమ్మింది ఇదీ.

ఇవాళ గురువారం. వారం మొదటి నుంచీ ఫ్లోరిడా తూర్పు తీరానికి వాన సూచన ఉంది. మొన్న నలభై శాతం అన్నది ఈ పొద్దున చూస్తే ఆదివారం మధ్యాహ్నానికి ఎనభై అయింది. మీ నుంచి మాత్రం ఒకే ఒక్క మెయిల్ వచ్చింది. బస్సులో పులిహోర, పెరుగన్నం ఇస్తామని, పిల్లలకు కారం తక్కువ కావాలంటే శుక్రవారంలోగా చెప్పమని, సినిమా ఏది వేయాలో గ్రూపులో ఓటు వేయమని అందులో ఎంతో వివరంగా రాశారు. వాన సంగతి అన్నిటికన్నా కింద, ఒక్క ముక్కలో తేల్చేశారు: "వాతావరణం మారవచ్చు, గొడుగు వెంట తెచ్చుకోండి."

డేటోనా స్టాండ్లలోకి గొడుగులు రానివ్వరండీ. రెయిన్‌కోటో, పాంచోనో వేసుకుని కూర్చోవాలి. మీ మాట నమ్మి గొడుగు పట్టుకెళ్లినవాళ్లు దాన్ని గేటు దగ్గరే వదిలేసి, నెత్తిన ప్లాస్టిక్ సంచి కప్పుకుని కూర్చోవాల్సిందే. ఇంత చిన్న విషయం కూడా కనుక్కోకుండా బస్సు నిండా జనాన్ని రేస్‌కి తీసుకెళ్తున్నారని తెలిశాకే నాకు టెన్షన్ మొదలైంది.

అందుకే మీ వాట్సాప్ నంబర్‌కి మెసేజ్ పెట్టాను. వానకి రేస్ సోమవారానికి జరిగితే బస్సు ఆగుతుందా అని సూటిగా అడిగాను. మీ ప్రతినిధి ఇచ్చిన జవాబు ఇది: "కంగారు పడకండి సర్, ఇప్పుడు వానకి స్పెషల్ టైర్లు వచ్చేశాయి, రేస్ ఆగదు." పక్కన బొటనవేలి బొమ్మ ఒకటి.

ఆ అబ్బాయిని నేను తప్పుపట్టను, అతనికి ఎవరూ చెప్పి ఉండరు. మీకు మాత్రం తెలిసి తీరాలి. వాన టైర్లు ఉన్న మాట నిజమే. 2020లో షార్లెట్‌లో, కుడివైపు మలుపులు కూడా ఉండే రోడ్ కోర్స్ మీద, నాస్కార్ పెద్ద సిరీస్ అయిన కప్ పాయింట్ల రేస్‌లో మొదటిసారి వాటితో పరిగెత్తారు. 2024 మార్చిలో రిచ్‌మండ్ ఓవల్ (అండాకారపు ట్రాక్) మీద, అదే ఏడాది జూన్‌లో న్యూ హ్యాంప్‌షైర్‌లో కూడా వాడారు. కానీ అవి చిన్న ఓవల్స్. ముప్పావు మైలు, మైలు చుట్టుకొలత ఉన్నవి. అక్కడ కూడా ఆ టైర్లు తడి నేల మీదికే గానీ జోరువానలోకి కాదు. డేటోనా చుట్టుకొలత రెండున్నర మైళ్లు. మలుపుల్లో ట్రాక్ 31 డిగ్రీల వాలులో లేచి ఉంటుంది. ఒక్కో కారు పదిహేను వందల కిలోల పైమాటే. గాడులు లేని నున్నటి టైర్లతో, గంటకి మూడొందల కిలోమీటర్ల వేగంలో, ముందు కారు బంపర్‌కి బంపర్ ఆనించి నలభై కార్లు గుంపుగా పోతాయి. అక్కడ నాలుగు చినుకులు పడినా పసుపు జెండా, అంటే నెమ్మదించాలి. ఇంకాస్త పెరిగితే ఎర్ర జెండా, అంటే ఆగిపోవాలి. డేటోనా ఓవల్ మీద వాన టైర్లతో రేస్ నడపరు. ఆగాల్సిందే, ఆరబెట్టాల్సిందే.

ఆరబెట్టడం కూడా చిటికెలో అయ్యే పని కాదు. జెట్ ఇంజన్లు బిగించిన ట్రక్కులు వేడిగాలి కొడుతూ చుట్టూ తిరుగుతాయి. 2013 నుంచి ఎయిర్ టైటన్ అనే యంత్రాలు కూడా వచ్చాయి, అవి గట్టి గాలితో నీళ్లని పక్కకి నెట్టేస్తాయి. ఇన్ని ఉన్నా రెండున్నర మైళ్ల ట్రాక్ ఆరడానికి గంటలు పడుతుంది. ఈలోపు ఎనిమిది మైళ్ల లోపల ఎక్కడైనా మెరుపు మెరిసిందంటే అరగంట అన్నీ ఆపాలి. ఇంకో మెరుపు వస్తే ఆ అరగంట మళ్లీ మొదటి నుంచి లెక్క.

రేస్ రోజున వాన పడటం డేటోనాలో ఎప్పుడో అరుదుగా జరిగే వింత కాదు. 2009లో 200 ల్యాపులకి (చుట్లకి) 152 దగ్గరే ఆపేసి మాట్ కెన్సెత్‌ని విజేతగా ప్రకటించారు. 2012లో ఆదివారం ఒక్క ల్యాప్ కూడా పడలేదు. సోమవారం రాత్రి మొదలుపెడితే, పసుపు జెండా సమయంలో హువాన్ పాబ్లో మోంటోయా కారు అదుపు తప్పి, ట్రాక్ ఆరబెట్టే ఆ జెట్ ట్రక్కునే గుద్దింది. ఇంధనం ట్రాక్ మీద పారి మంటలు లేచాయి. ఆర్పాక మిగిలిన జిడ్డుని టైడ్ పొడి వేసి కడిగారు, అవునండీ, బట్టలుతికే టైడే. ఆ రేస్ ముగిసేసరికి మంగళవారం వచ్చేసింది. 2014లో ఆరు గంటల పైన ఆగింది. 2020లో ఇరవై ల్యాపులు తిరిగాక వాన ముంచుకొచ్చి మిగతాదంతా సోమవారం నడిపారు. 2021లో అయిదు గంటలకు పైగా ఆగి, అర్ధరాత్రి దాటాక మైఖేల్ మెక్‌డవెల్ గెలిచాడు. 2024లో ఆదివారం పొద్దున్నే వాయిదా అని చెప్పేశారు. శనివారం జరగాల్సిన కింది స్థాయి సిరీస్ రేస్‌ని కూడా కలిపి రెండూ సోమవారమే నడిపారు. 2025లో వాన భయంతో మొదలుపెట్టే టైమే గంట ముందుగా పెట్టారు, అయినా మధ్యలో మూడు గంటలు ఆగక తప్పలేదు.

వీటి పక్కన మీ షెడ్యూల్ పెట్టి చూడండి. 2012, 2020, 2024లో అయితే మీ బస్సు ఆదివారం రాత్రి మమ్మల్ని ఎక్కించుకుని వచ్చేసేది, రేస్ మేము లేకుండా సోమవారం జరిగేది. 2014, 2021లో అయితే రేస్ నడుస్తుండగానే మమ్మల్ని సీట్లలోంచి లేపి బయటకి తీసుకొచ్చేవాళ్లు. 2025లో లాగా టైమ్ ముందుకి జరిగితే, మధ్యాహ్నం ఒంటిగంటకి ట్రాక్ చేరతామన్న మీ ప్లాన్ ప్రకారం మేము పార్కింగ్ ట్రాఫిక్‌లో ఉండగానే పచ్చ జెండా ఊపేసేవాళ్లు. మీ షెడ్యూల్ ఎండ కాసే ఆదివారానికి మాత్రమే పనికొస్తుంది. ఆ మాట మీ ప్రకటనలో ఎక్కడా లేదు. "రేస్ చూపించే బాధ్యత మాది, మీరు ఎక్కి కూర్చోండి చాలు" అని మాత్రం పెద్ద అక్షరాల్లో ఉంది.

నిన్న మీ ఆఫీసుకి ఫోన్ చేస్తే రెండు మాటలు చెప్పారు. రేస్ వాయిదా పడినా టికెట్ సోమవారానికి చెల్లుతుంది కాబట్టి మాకు నష్టమేమీ లేదన్నది ఒకటి. టికెట్ చెల్లుతుంది సరే, ఆ టికెట్ పట్టుకున్న మనిషి అప్పటికి జార్జియాలో మీ బస్సులో నిద్రపోతూ ఉంటాడు కదా! డేటోనా నుంచి అట్లాంటాకి కారులో అయినా ఆరున్నర, ఏడు గంటల దారి. పొద్దున్న దిగి మళ్లీ మధ్యాహ్నానికి వెనక్కి వెళ్లమంటారా?

రెండోది, చూడలేకపోతే వచ్చే ఏడాది ప్యాకేజీలో ఇరవై శాతం తగ్గిస్తామన్నారు. మా నాన్నగారు మార్చి మొదటివారంలో విజయవాడ వెళ్లిపోతున్నారు. ఆటోనగర్‌లో లేత్ మీద నిలబడి ఇంజన్లు రీబోర్ చేసిన మనిషి ఆయన. ఇక్కడికి వచ్చినప్పటి నుంచీ ఆదివారాలు నాతో కూర్చుని పాత రేస్‌లు చూస్తున్నారు. పిట్‌లో పది సెకన్లకి నాలుగు చక్రాలు మారుస్తుంటే ఒకసారి టీవీ ఆపమని, దగ్గరకి వెళ్లి చక్రం మధ్యలో వేలు పెట్టి, "నట్టు ఒక్కటేనట్రా? అయిదు పీకి అయిదు బిగించడానికి మా కుర్రాడికి అరగంట పట్టేది" అన్నారు. ఆ ఒక్క నట్టు విప్పే గన్ చప్పుడు దగ్గర నుంచి వినాలన్నది ఆయన కోరిక. మోకాళ్లు బాగాలేకపోయినా బస్సు ప్రయాణానికి ఒప్పుకున్నది అందుకే. ఆయన్ని వాన చూడటానికి డేటోనా దాకా తీసుకెళ్లి, రేస్ మొదలయ్యే ముందు వెనక్కి తీసుకొచ్చి, వచ్చే ఏడాది డిస్కౌంట్ కూపన్ చేతిలో పెడతారా?

వాన మీ చేతిలో లేదు, ఆ సంగతి నాకు తెలుసు. సోమవారం మీ చేతిలో ఉంది. ఈ సోమవారం ప్రెసిడెంట్స్ డే, మా ఆఫీసుకి సెలవు. గ్రూపులో అడిగితే చాలామంది ఇంకో రాత్రి ఉండటానికి సిద్ధమే అన్నారు. ఆగనంటున్నది మీ బస్సు ఒక్కటే. డ్రైవర్ డ్యూటీ గంటలకి చట్టం ప్రకారం పరిమితి ఉంటుందని, సోమవారం ఆ బస్సుకి వేరే బుకింగ్ ఉందని మీవాళ్లు అన్నారు. పరిమితి ఉన్న మాట నిజమే, దాన్ని నేనూ దాటమనను. కానీ అదంతా ఫిబ్రవరిలో డేటోనాకి బస్సు పెట్టేముందు ఆలోచించాల్సింది. ఇంకో డ్రైవర్‌ని మాట్లాడుకోవడం, సోమవారానికి ఇంకో బుకింగ్ తీసుకోకపోవడం మీ వ్యాపారంలో భాగం. ఆ ఖర్చు మిగుల్చుకుని, దాని నష్టం మా మీదికి తోస్తున్నారు.

అన్నిటికన్నా నాకు ఒళ్లు మండిన విషయం టికెట్లది. ఈ రోజుల్లో టికెట్లన్నీ ఫోన్‌లోనే. మీరు వాటిని మా ఫోన్లకి ఆదివారం పొద్దున పదింటికి, హోటల్ లాబీలో, హాజరు వేసుకున్నాక పంపిస్తారట. ఎందుకయ్యా అంటే "కొందరు అమ్ముకుంటున్నారు" అన్నారు. డబ్బు కట్టి రెండు నెలలు దాటింది. టికెట్ నా చేతిలో ఉంటే ఈపాటికి నా దారి నేను చూసుకునేవాణ్ణి. మీ బస్సు వదిలేసి, నా కారులో నాన్నగారిని తీసుకుని, సోమవారం దాకా ఉండి వచ్చేవాణ్ణి. లేదా రాలేని పరిస్థితి వస్తే వేరే ఎవరికైనా ఇచ్చేవాణ్ణి. ట్రాక్ వాళ్ల దగ్గర నేరుగా కొని ఉంటే వాయిదా పడినప్పుడు ఏం చేయాలో వాళ్లనే అడిగేవాణ్ణి. ఇప్పుడు వాళ్ల లెక్కలో కొన్నది మీరు, నేను ఎవరినీ కాను. మీరేమో మాట్లాడరు.

కాబట్టి నేను అడిగేది ఇది. మా రెండు టికెట్లు రేపు, శుక్రవారం మధ్యాహ్నం 12 గంటల్లోగా నా ఫోన్‌కి బదిలీ చేయండి. రేస్ సోమవారానికి పోతే బస్సు ఉంటుందో ఉండదో, ఉంటే హోటల్ రెండో రాత్రి ఎంతకి ఇప్పిస్తారో గ్రూపులో అందరికీ రాతపూర్వకంగా చెప్పండి. మీరు కొన్న రేటుకే ఇవ్వండి, రేస్ వీకెండ్ ధరలు ఎలా ఎగబాకుతాయో నాకు తెలుసు. బస్సు ఉండదంటే, తిరుగు ప్రయాణం వద్దనుకునేవాళ్లకు ఆ భాగం డబ్బు వాపసు ఇవ్వండి. ఆదివారం రాత్రి 9కి రేస్ ఇంకా నడుస్తూ ఉంటే బస్సు కదిలే నిర్ణయం ఎవరు తీసుకుంటారో, ఆ మనిషి నంబర్ ఇవ్వండి. వాట్సాప్‌లో బొటనవేలు చూపించే నంబర్ కాదు, ఎత్తే నంబర్. అలాగే గొడుగు మాట వెనక్కి తీసుకుని పాంచోలు తెచ్చుకోమని ఇంకో మెయిల్ పెట్టండి. నలభై అయిదు మంది గేటు దగ్గర పడే ఇబ్బంది తప్పుతుంది, మీకు పైసా ఖర్చు లేదు.

రేపు మధ్యాహ్నానికి జవాబు రాకపోతే ప్యాకేజీ మొత్తం రద్దు చేసుకున్నట్టుగా భావించి, ప్రకటనలో చెప్పిన సేవ అందడం లేదని క్రెడిట్ కార్డ్ బ్యాంకులో వివాదం నమోదు చేస్తాను. మీ ప్రకటన, మెయిల్, వాట్సాప్ సంభాషణ స్క్రీన్‌షాట్లు ఈ లేఖతో జత చేశాను. నా బుకింగ్ వివరాలు ఈ మెయిల్ ఐడీ మీదే ఉన్నాయి.

టికెట్లు పంపితే చాలు, శనివారం మా సీట్లు ఖాళీగా వెళ్లినా పర్వాలేదు. మా భోజనాలు ఎవరికైనా పెట్టేయండి.

ఇట్లు,
మీ డేటోనా ప్యాకేజీలో రెండు సీట్లు తీసుకున్న కస్టమర్,
ఆల్ఫారెటా, జార్జియా