పశువుల ఆస్పత్రి నైట్రోజన్ డబ్బాలో చేప వీర్యం

సంపాదకులకు,

ఒకే హ్యాచరీ తన పిల్లల్నే తరాల తరబడి తల్లిచేపలుగా పెంచుతూ పోతే మేనరికపు చిక్కే వస్తుంది. పిల్లల్లో ఎదుగుదల తగ్గుతుంది. కొత్త రక్తం కోసం తుంగభద్ర నుంచి పెద్ద మగ బొచ్చెను కర్నూలు ఎండలో బతికించి తేవడం కష్టం. దాని వీర్యాన్ని గడ్డకట్టించి స్ట్రాలలో (సన్నని ప్లాస్టిక్ గొట్టాల్లో) తేవడం తేలిక. గుడ్లను ఇలా దాచలేం. అవి పెద్దవి, పైగా సొన ఎక్కువ.

1953లోనే బ్లాక్స్‌టర్ అనే శాస్త్రవేత్త వసంతంలో, శరత్తులో వేరువేరుగా గుడ్లు పెట్టే హెర్రింగ్ అనే సముద్రపు చేపలను గడ్డకట్టిన వీర్యంతో సంకరం చేశారు. మనకు కావాల్సిన మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్ డబ్బాలు పశువుల కృత్రిమ గర్భధారణ కేంద్రాల్లో ఉన్నవే. పద్ధతి మాత్రం ఎద్దుది కాదు. ఎద్దు వీర్యంలో కలిపే గుడ్డుసొన, గ్లిజరాల్ బొచ్చె, శీలావతి లాంటి కార్ప్ చేపలకు అంతగా నప్పవు.

పని చెడేది ఎక్కువగా వీర్యం కోసం మగచేప పొట్ట నొక్కేటప్పుడే. బొచ్చె, శీలావతి వీర్యకణాలు ఒంట్లో కదలవు. నీరో మూత్రమో తగిలితే చాలు, పరుగెత్తి నిమిషంలోపే అలసిపోతాయి. అందుకే చేపను పొడిగుడ్డతో తుడిచి, తొలి చుక్కలు పారబోసి, మిగతాది పొడి గాజు గొట్టంలోకి పట్టి ఐసు మీద ఉంచాలి. నీరు కలపకముందే మైక్రోస్కోపులో కదలిక కనిపిస్తే ఆ వీర్యం పారేయాల్సిందే.

ఒక వంతు వీర్యానికి నాలుగు వంతుల ద్రావణం కలపాలి. అందులో సోడియం, పొటాషియం లవణాలతోపాటు డైమిథైల్ సల్ఫాక్సైడ్ ఉంటుంది. కలిపాక మొత్తంలో ఇది 10 శాతం దాకా ఉండాలి. ఇది కణాల్లో మంచు సూదులు కట్టకుండా కాపాడుతుంది కానీ విషం కూడా. చల్లగా పది నిమిషాలకు మించి నానబెట్టకూడదు. అరమిల్లీలీటరు స్ట్రాలలో నింపి, ద్రవ నైట్రోజన్‌కు నాలుగైదు సెంటీమీటర్ల పైన ఆవిరిలో పది నిమిషాలు ఉంచి, ఆ తర్వాతే ముంచాలి.

కరిగించేటప్పుడు నిదానం పనికిరాదు. మెల్లగా కరిగితే మంచు మళ్లీ పెద్ద పలుకులుగా కట్టి కణాలను చీలుస్తుంది. 37–40 డిగ్రీల నీళ్లలో పది పదిహేను సెకన్లు చాలు. వెంటనే పొడి గుడ్ల మీద పోసి, ఈకతో కలిపి, ఆ తర్వాతే నీళ్లు పోయాలి. తాజా వీర్యంతో పోలిస్తే ఎక్కువ స్ట్రాలు పడతాయి, అది ఒప్పుకోవాలి.

డబ్బాలో నైట్రోజన్ మట్టం తగ్గి స్ట్రాలు బయటపడితే అంతా వృథా. చేప స్ట్రాలను వేరే గొట్టంలో, జాతి, తేదీ, మగచేప నంబరు రాసి పెట్టాలి. ముందుగా ఒక్క పశువుల ఆస్పత్రిలో, వానాకాలపు గుడ్ల సీజనుకు ముందే, మత్స్యశాఖ, పశుసంవర్ధక శాఖ కలిసి పది మగచేపలతో మొదలుపెట్టాలని మనవి.

— ఓ మత్స్య సాంకేతికుడు, కర్నూలు