బెట్టింగ్ యాప్‌ల మీద లేని పట్టుదల జనం మీదనా?

సంపాదకులు గారికి,

డబ్బులు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడే ఆటలను తెలంగాణలో నిషేధించి ఎనిమిదేళ్లు దాటింది. 2017 జూన్‌లో అప్పటి టీఆర్‌ఎస్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించింది. ఇది జూదం కాదు, నైపుణ్యంతో ఆడే ఆట అని రమ్మీ కంపెనీలు చెప్పుకునే సాకు కూడా అప్పుడే తీసేసింది. అంత గట్టి చట్టం ఉన్న రాష్ట్రంలో ఇప్పుడు హన్మకొండ బస్టాండు దగ్గర టీ తాగే ఏ కుర్రాడినైనా అడగండి, బెట్టింగ్ యాప్ ఎట్లా దించుకోవాలో, టెలిగ్రాంలో ఏ లింకు నొక్కాలో చెప్తాడు.

మా పొదుపు సంఘంలో ఒకామె కుట్టుమిషన్లు కొనుక్కుందామని బ్యాంకు లింకేజీ రుణం తీసుకుంది. ఐపీఎల్ నడుస్తున్న రోజుల్లో ఆ పైసలు కొడుకు యాప్‌లో పెట్టాడు. ముందు కొంచెం వచ్చినట్టు చూపించారు. ఆశపడి ఇంకా పెట్టాడు, అంతా పోయింది. పోయినదాన్ని రాబట్టుకోవడానికి లోన్ యాప్‌లలో అప్పు చేశాడు. ఒకరు వాయిదా తప్పితే గ్రూపు మొత్తానికి కొత్త రుణం ఆగిపోతుంది కాబట్టి, ఆమె కిస్తీలు మేమంతా తలా కొంత వేసుకుని కట్టాం. ఫిర్యాదు చేద్దామని ఠాణాకు పోతే యాప్ ఎక్కడిదో ఎట్లా పట్టుకుంటామన్నారు. అంతటితో ఆగలేదు, ఆడింది మీ కొడుకే కదా, కేసు పెడితే ముందు వాడి మీదే పెట్టాలన్నారు. మన రాష్ట్ర చట్టంలో ఆడినవాడికీ శిక్ష ఉంది, నిజమే. ఆ మాటకే ఆ తల్లి భయపడి కాగితం వెనక్కి తీసుకుని వచ్చేసింది. ఆ పైసలు ఫోన్‌పే ద్వారా ఎవరో మనుషుల ఖాతాల్లోకే పోయాయి. ఖాతా నంబర్లు ఆమె ఫోన్‌లోనే ఉన్నాయి. వాటిని ఎవరూ రాసుకోలేదు.

చట్టం తెచ్చిన పార్టీ ఆ తర్వాత ఆరేళ్లకు పైగా అధికారంలో ఉంది. ఈ యాప్‌లు ఊరూరికీ పాకింది ఆ కాలంలోనే. కాంగ్రెస్ వచ్చాక 2025 మార్చిలో మియాపూర్ పోలీసులు 25 మంది సినిమా నటుల మీద, ఇన్‌ఫ్లుయెన్సర్ల మీద కేసు పెడితే రాష్ట్రమంతా పేపర్లలో అదే వార్త. ముఖ్యమంత్రి అసెంబ్లీలోనే ప్రత్యేక దర్యాప్తు బృందం వేస్తామన్నారు. మంచిదే. ప్రకటనలు చేసినవాళ్లను ప్రశ్నించాల్సిందే. కానీ యాప్ నడిపేవాడు, వాడికి ఖాతాలు అద్దెకిచ్చేవాడు, ఆ ఖాతాల్లో లక్షలు తిరుగుతుంటే చూస్తూ ఊరుకున్న బ్యాంకు, వీళ్లలో ఎంతమందిని బోనెక్కించారో మాకు చెప్పినవాళ్లు లేరు.

కేంద్రం సంగతి వేరే చెప్పాలా? 2023 అక్టోబరు నుంచి ఈ ఆటల మీద 28 శాతం జీఎస్టీ వేసి ఆదాయం చూసుకుంది. డబ్బులు పెట్టి ఫాంటసీ క్రికెట్ ఆడించే డ్రీమ్11 పేరు భారత క్రికెట్ జట్టు చొక్కాల మీద 2025 ఆగస్టు దాకా ఉంది. నిషేధం ఉన్న మన రాష్ట్రంలో పిల్లలు ఆ చొక్కాలు చూస్తూనే మ్యాచ్‌లు చూశారు. చివరికి ఆ ఆగస్టులో ఆన్‌లైన్ గేమింగ్ చట్టం వచ్చింది. 20న లోక్‌సభ, 21న రాజ్యసభ, 22న రాష్ట్రపతి సంతకం. డబ్బు ఆటలు నడిపితే మూడేళ్ల జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. బ్యాంకులు వాటికి చెల్లింపులు జరపకూడదు. ఆడినవాడికి శిక్ష లేదు. ఇవన్నీ మేము కోరుకున్నవే. అయితే అదే చట్టంలో అధికారులు వారంటు లేకుండా ఏ చోటులోకైనా, డిజిటల్ చోటులోకైనా ప్రవేశించి సోదా చేయవచ్చని, అరెస్టు చేయవచ్చని కూడా రాశారు. సభలో గోల మధ్య బిల్లు దాటిపోయింది. మన ఓట్లతో గెలిచి వెళ్లిన సభ్యులు, ఏ పార్టీ వారైనా, ఈ ఒక్క సెక్షన్ మీద జనానికి ఒక మాట చెప్పాల్సింది.

వారంటు లేని సోదా అంటే మాకెందుకు భయమంటే, ఇక్కడి పోలీసు చేతికి అధికారం ఇస్తే ఏమవుతుందో ఓరుగల్లుకు తెలుసు. పిల్లల డాక్టర్ రామనాథం గారు పౌరహక్కుల సంఘంలో పనిచేశారని 1985 సెప్టెంబరు 3న ఆయన క్లినిక్‌లోనే పోలీసులు కాల్చి చంపారు. అప్పుడు రాష్ట్రంలో తెలుగుదేశం. 1991లో అదే సంఘం నాయకుడు, వకీలు నర్రా ప్రభాకర్ రెడ్డి గారిని చంపినప్పుడు కాంగ్రెస్. పార్టీ మారినంత మాత్రాన పోలీసు మారడని మా పెద్దలు ఆనాడే చూశారు.

తెలంగాణ వచ్చాక మారుతుందనుకున్నాం. 2022లో మా పక్కనే ములుగు జిల్లా తాడ్వాయి ఠాణాలో ప్రొఫెసర్ హరగోపాల్ గారితో సహా 152 మంది మీద ఉపా, అంటే చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం కింద కేసు రాశారు. ఆ సంగతి బయటపడడానికే పది నెలలు పట్టింది. అన్ని వైపుల నుంచీ విమర్శలు వచ్చాక అప్పటి ముఖ్యమంత్రి కేసు ఎత్తేయమన్నారు. ఆనాడు ఖండించిన పార్టీల్లో కాంగ్రెస్ కూడా ఉంది. అదే కాంగ్రెస్ 2019లో ఉపాను ఇంకా కఠినం చేస్తూ బీజేపీ తెచ్చిన సవరణకు రాజ్యసభలో ఓటేసింది. ఫోన్ ట్యాపింగ్ కేసులో గత ప్రభుత్వం మీద వచ్చిన ఆరోపణలు వింటుంటే ఒళ్లు మండుతుంది. కానీ గత ముఖ్యమంత్రి నివాసం ప్రగతి భవన్ ముందు కంచెలు తీసేసి వచ్చిన ప్రభుత్వంలోనే 2025 మార్చిలో ఇద్దరు మహిళా జర్నలిస్టులను అరెస్టు చేశారు. 2024 నవంబరులో భూసేకరణ వద్దన్న లగచర్ల రైతులను జైల్లో పెట్టారు. ముఖ్యమంత్రి జిల్లాకు వస్తున్నారంటే తెల్లవారకముందే యూనివర్సిటీ పిల్లలను, యూనియన్ల వాళ్లను ఠాణాకు తీసుకుపోవడం నాడూ ఉంది, నేడూ ఉంది. నేరం చేయబోతున్నారని తెలిసి, వేరే మార్గం లేనప్పుడే అట్లా పట్టుకోవాలని చట్టం చెప్తుంది. ఉద్యోగ నోటిఫికేషన్ ఏదని అడగడం ఏ నేరమో నాకైతే అర్థం కాదు.

ఇంకొక మాట. విచారణ లేకుండా ఏడాది దాకా జైల్లో ఉంచగల పీడీ (ముందస్తు నిర్బంధ) చట్టంలో గేమింగ్ నేరస్తులను కూడా చేర్చి పెట్టుకున్నారు. ఆ చట్టాన్ని ఇష్టం వచ్చినట్టు వాడుతున్నారని సుప్రీంకోర్టు 2023 సెప్టెంబరులో, మళ్లీ 2024 మార్చిలో తెలంగాణను తప్పుపట్టింది. చేతిలో ఇన్ని చట్టాలున్నా యాప్‌లు ఆగలేదంటే చట్టాలు తక్కువై కాదు. హైదరాబాదులో 2021లో గంజాయి పేరుతో రోడ్డు మీద ఆపి కుర్రాళ్ల ఫోన్లు వెతికారు. రేపు బెట్టింగ్ పేరుతో హన్మకొండ చౌరస్తాలో మా పిల్లల ఫోన్లు లాక్కుంటే ఎవరిని అడగాలి? పైసలు ఏ ఖాతాలోకి పోయాయో బ్యాంకులో చూస్తే తెలిసే సంగతికి పిల్లవాడి వాట్సాప్ ఎందుకు చదవాలి?

ఓట్లకు వచ్చినప్పుడు ఒకరు ఎదుటివారిది గడీల పాలన అంటారు, ఇంకొకరు ఎదుటివారిది పోలీసు పాలన అంటారు. ఇద్దరి మాటా వింటున్న మేము ఎవరికి వేసినా ఇదే జరుగుతుందని విసిగిపోయాం. మా సంఘంలో కొందరు ఇక ఓటే వేయమంటున్నారు. నేను ఒప్పుకోలేదు, కానీ వాళ్లకు చెప్పడానికి నా దగ్గర జవాబు కూడా లేదు.

వరంగల్, హన్మకొండ ఎమ్మెల్యేలను మీ పత్రిక ద్వారా రెండు లెక్కలు అడుగుతున్నాను. 2017 నుంచి ఈ రెండు జిల్లాల్లో బెట్టింగ్ యాప్‌లు నడిపినవాళ్ల మీద ఎన్ని కేసులు పెట్టారు, ఎన్నింటిలో శిక్ష పడింది? అదే కాలంలో ముందస్తు అరెస్టు అని ఎంతమందిని ఠాణాల్లో కూర్చోబెట్టారు? వచ్చే అసెంబ్లీ సమావేశాల్లో ఈ ప్రశ్న వేసి, వచ్చిన జవాబును మీ పత్రికకే పంపమని కోరుతున్నాను.

– ఒక పొదుపు సంఘం సభ్యురాలు, నయీంనగర్, హన్మకొండ