ఈ శీతాకాలం స్కీ ట్రిప్ ఎక్కడికి అని అడుగుతున్నవాళ్లందరికీ

అందరికీ నమస్కారం. శీతాకాలం ట్రిప్పుల గురించి మెసేజీలు రావడం మొదలైంది. దాదాపు అందరూ అడుగుతున్నది ఒకటే, "స్కీయింగ్‌కి ఏ ఊరు బాగుంటుంది?" అని. ఒక్కొక్కరికి విడిగా జవాబు రాసే ముందు, మేం చోటు ఎలా ఎంచుతామో, ఈ సీజన్ నుంచి మా దగ్గర ఏం మారుతోందో ఇక్కడే చెప్పేస్తున్నా. మాది చిన్న సంస్థ, స్కీ ట్రిప్పులు తప్ప ఇంకేమీ చేయం, కాబట్టి వచ్చిన బుకింగల్లా ఒప్పేసుకోవాలన్న ఆశ మాకూ ఉంటుంది. అయినా కొన్నిటికి వద్దనే చెబుతాం. ఎందుకో చెప్తాను.

ముందు మార్పు సంగతి. ఇకనుంచి ఊరి పేరు ఒక్కటే చెప్పి బుక్ చేయమంటే చేయం. మీ గుంపులో అందరికంటే తక్కువ స్కీయింగ్ వచ్చినవాళ్లు ఎవరు, వాళ్లకి ఎంతవరకు వచ్చు అన్నది ముందు మాకు తెలియాలి. ట్రిప్ బాగా జరిగిందా లేదా అన్నది వాళ్ల మీదే ఆధారపడుతుంది. బాగా వచ్చినవాళ్లు ఎక్కడైనా ఆనందిస్తారు, తేలిక స్లోప్ మీద కూడా వేగంగా దిగి సరదా పడతారు. రానివాళ్లని నిటారు కొండ దగ్గరికి తీసుకెళ్తే రెండో రోజుకే గదిలో కూర్చుంటారు, మూడో రోజుకి వాళ్లకి తోడుగా ఇంకొకరు ఆగిపోతారు, ఇక ఆ వారమంతా అంతే.

ఫ్రాన్స్‌లోని షమోనీ సంగతే తీసుకోండి. 1924లో మొదటి శీతాకాల ఒలింపిక్స్ జరిగిన ఊరు, మోం బ్లాం పర్వతం కింద ఉంటుంది, పేరు వినని స్కీయర్ ఉండరు. కానీ అక్కడి స్కీ ప్రాంతాలు లోయ పొడవునా విడివిడిగా ఉంటాయి, ఒకదాన్నుంచి ఇంకోదానికి చాలావరకు బస్సులోనే వెళ్లాలి. నేర్చుకునేవాళ్ల స్లోప్‌లు ఎక్కువగా కింద లోయలో, అనుభవం ఉన్నవాళ్లు వెతుక్కుంటూ వెళ్లేవి ఎక్కడో పైన. అంటే పొద్దున విడిపోయిన గుంపు మళ్లీ కలిసేది సాయంత్రమే. అందరూ గట్టి స్కీయర్లే అయితే షమోనీకి వెళ్లమని మేమే చెబుతాం. సగం మంది కొత్తవాళ్లయితే ఫ్రాన్స్‌లోనే ఉన్న లా ప్లాన్ లాంటి రిసార్ట్ చూడమంటాం. అక్కడ పై ఎత్తుల్లో కూడా తేలిక రన్‌లు, అంటే స్కీలతో దిగే దారులు, చాలా ఉన్నాయి, కాస్త నేర్చుకోగానే కొత్తవాళ్లు కూడా అందరితో పాటు లిఫ్ట్ ఎక్కి పైనుంచి కొండలు చూడగలరు. బాగా వచ్చినవాళ్లకి విసుగు పుడితే వనువాజ్ ఎక్స్‌ప్రెస్ అనే రెండంతస్తుల కేబుల్ కారు ఎక్కి లోయకి అటువైపున్న లెజార్క్ అనే రిసార్ట్‌కి వెళ్లిపోవచ్చు. ఒకే పాస్‌తో రెండూ తిరగొచ్చు.

"నాకు బ్లూ వచ్చు" అని చాలామంది రాస్తారు. రన్ ఎంత కష్టమో చెప్పడానికి వాడే రంగుల్లో బ్లూ ఒకటి. ఎక్కడి బ్లూ అన్నది కూడా రాయండి. ఫ్రాన్స్‌లో అన్నిటికంటే తేలికది గ్రీన్, తర్వాత బ్లూ, రెడ్, బ్లాక్. ఆస్ట్రియాలో తేలికదే బ్లూ. అమెరికా, కెనడాల్లో బ్లూ చతురస్రం అంటే మధ్యస్థాయి, పైగా ఏ రిసార్ట్‌కి ఆ రిసార్ట్ తన కొండతో పోల్చుకుని గుర్తులు పెట్టుకుంటుంది. ఒక చోట బ్లూ మీద హాయిగా దిగిన మనిషి ఇంకో చోట బ్లూ పైన నిలబడి కాళ్లు వణికించుకోవడం మేం చాలాసార్లు చూశాం. అందులో వాళ్ల తప్పేమీ లేదు. రంగు చెప్పడం కంటే "ఆగగలను, రెండు వైపులా తిరగగలను, చైర్ లిఫ్ట్ ఒక్కణ్ణే ఎక్కి దిగగలను" అని రాస్తే మాకు ఎక్కువ తెలుస్తుంది.

అసలు స్కీలే కాలికి తొడగనివాళ్లు ఉంటే మేం మొదట చూసేది నేర్చుకునే చోటు. మ్యాజిక్ కార్పెట్ ఉందా, అంటే మంచు మీద నెమ్మదిగా పైకి కదిలే రబ్బరు బెల్టు, స్కీలతోనే దాని మీద నిలబడితే చాలు పైకి తీసుకెళ్తుంది. అది లేక తాడు పట్టుకుని లాగించుకునే లిఫ్ట్ ఒక్కటే ఉంటే మొదటి రోజు సగం పడటానికి, లేవడానికి సరిపోతుంది. ఆ చోటు వేగంగా దిగేవాళ్ల దారిలో ఉందా, పక్కకి ఉందా? రెండో రోజు, మూడో రోజు ఎక్కడికి వెళ్తారు? చాలా ఊళ్లలో మొదటి రోజు స్లోప్ బావుంటుంది, దాని తర్వాత మెట్టు ఉండదు, నేరుగా భయపెట్టే స్లోపే. మా దృష్టిలో కొత్తవాళ్లకి ఆ మధ్య మెట్టే అన్నిటికంటే ముఖ్యం, కొండ ఎంత పెద్దదన్నది కాదు. వందల కిలోమీటర్ల రన్‌లు ఉన్నాయని బ్రోషర్‌లో వేస్తారు, మొదటి వారం నేర్చుకునే మనిషి అందులో వాడేది చాలా కొంచెం.

ఇక మంచు. ఎత్తు పెరిగేకొద్దీ వెయ్యి మీటర్లకి సగటున 6.5 డిగ్రీల చొప్పున చలి పెరుగుతుంది, కాబట్టి కింద వాన పడుతున్నప్పుడు పైన మంచు పడుతుండొచ్చు. ఆస్ట్రియాలోని కిట్స్‌బూల్ అందమైన పాత ఊరు, జనవరిలో అక్కడ జరిగే హానెన్‌కామ్ స్కీ రేసుకి ప్రపంచమంతా వస్తుంది, కానీ ఊరు సుమారు 760 మీటర్ల ఎత్తులోనే ఉంటుంది. చలి ముదరని డిసెంబర్‌లో చుట్టూ గడ్డి కనిపిస్తూ మధ్యలో యంత్రాలతో చేసిన తెల్లటి పట్టీ మీద దిగాల్సి రావొచ్చు. ఆ యంత్రాలకి కూడా చలి కావాలి, చలి ఒక్కటే కాదు, గాలి పొడిగా కూడా ఉండాలి. తేమ ఎక్కువైతే సున్నా దగ్గర అవి పనిచేయవు. ఫ్రాన్స్‌లోని వాల్ తోరెన్స్ అయితే ఊరే 2,300 మీటర్ల మీద ఉంటుంది, నవంబర్ చివరి నుంచి మే మొదటి రోజుల వరకు మామూలుగా నడుస్తుంది. అందుకే డిసెంబర్ మొదటి సగంలో 1,500 మీటర్ల లోపు ఊళ్లకి ఈ ఏడాది మేం బుకింగ్‌లు తీసుకోవడం లేదు. ఎంత అడిగినా తీసుకోం.

అలాగని ఎత్తు ఉంటే మంచు గ్యారంటీ అనుకోకండి. కశ్మీర్‌లోని గుల్‌మార్గ్ 2,600 మీటర్లు దాటిన ఎత్తులో ఉంది, అక్కడి గొండోలా (కేబుల్ కారు) రెండో దశ 3,900 మీటర్లు దాటి తీసుకెళ్తుంది, అయినా 2024 జనవరిలో చాలా రోజులు అక్కడ నేల కనిపించింది. మంచు నెలాఖరుకి గానీ రాలేదు. దీనికి పూర్తిగా తలకిందులు జపాన్‌లోని నిసెకో. అక్కడి అన్నుపురి శిఖరం ఎత్తే 1,308 మీటర్లు. కానీ సైబీరియా నుంచి వచ్చే చలిగాలి జపాన్ సముద్రం మీదుగా వస్తూ తేమ నింపుకుని, హొక్కైడో కొండలకి తగలగానే దాన్ని మంచుగా కుమ్మరిస్తుంది. జనవరిలో రోజుల తరబడి ఆగకుండా పడుతూనే ఉంటుంది. పౌడర్, అంటే కొత్తగా పడిన మెత్తటి మంచు, దాని కోసమే బతికేవాళ్లకి అది స్వర్గం. ఎండలో మెరిసే కొండల ఫోటోలు కావాలనుకునేవాళ్లకి మాత్రం అదే జనవరి నిరాశ, ఎదురుగా ఉన్న యోటెయి పర్వతం కూడా చాలా రోజులు కనిపించదు. ఇంతకీ మీకు ఏది కావాలి, మంచా, ఎండా? ఇది అడిగితే చాలామంది రెండూ అంటారు. అలాంటప్పుడు మేం మార్చి నెల, ఎత్తైన చోటు, ఉత్తరం వైపు తిరిగిన స్లోప్‌లు చూడమంటాం. ఉత్తరార్ధగోళంలో ఆ వైపు ఎండ తక్కువ పడుతుంది, మంచు నిలుస్తుంది.

ఎత్తుతో వచ్చే ఇబ్బందులు కూడా చెప్పాలి, ఎందుకంటే అవి ఎవరూ బ్రోషర్‌లో రాయరు. చెట్లు మొలిచే ఎత్తు దాటాక కొండ బోసిగా ఉంటుంది. ఎండ ఉన్నప్పుడు దానంత బాగుండేది లేదు, జార్జియాలోని గుడౌరిలో స్లోప్‌లు అలాగే విశాలంగా పరుచుకుని ఉంటాయి. పొగమంచు దిగితే మాత్రం నేల ఎక్కడుందో, ఆకాశం ఎక్కడుందో తెలియదు, పక్కన చెట్లు ఉంటే వాటిని చూసి దిగొచ్చు, అవీ ఉండవు. గాలి గట్టిగా వీస్తే పై లిఫ్ట్‌లు మూసేస్తారు. 2,500 మీటర్లు దాటి రాత్రి పడుకుంటే కొందరికి తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం ఉంటాయి. గుండె, ఊపిరితిత్తుల సమస్యలు ఉన్నవాళ్లు ముందు డాక్టర్‌ని అడగండి, మాకూ ఒక మాట చెప్పండి, నిద్ర తక్కువ ఎత్తులో ఉండేలా చూస్తాం.

తేదీల గురించి పెద్దగా చెప్పేది లేదు. క్రిస్మస్ నుంచి న్యూ ఇయర్ దాకా ఎక్కడైనా రద్దీయే. ఫ్రాన్స్‌లో స్కూల్ సెలవులు మూడు జోన్లుగా ఫిబ్రవరి, మార్చి మొదట్లో నాలుగు వారాలు పరుచుకుని ఉంటాయి, ఆ వారాల్లో లిఫ్ట్ క్యూలు పొడవు. జనవరి మధ్య నుంచి నెలాఖరు వరకు ప్రశాంతం, కాకపోతే చలి ఎక్కువ, పగలు తక్కువ. పిల్లలతో మొదటిసారి వెళ్లేవాళ్లకి నా ఓటు మార్చికే. చేతులు గడ్డకట్టకపోతే పిల్లలు ఇంకో గంట ఆడతారు.

గుంపులో స్కీ చేయనివాళ్ల గురించి ఎవరూ రాయరు, మేమే అడగాల్సి వస్తోంది. వాళ్లు వారమంతా ఏం చేస్తారు? స్విట్జర్లాండ్‌లోని జెర్మాట్‌లో అయితే ఊళ్లో కార్లు తిరగవు, గోర్నర్‌గ్రాట్ రైలు ఎక్కితే స్కీలు లేకుండానే 3,089 మీటర్లకి వెళ్లి మాటర్‌హార్న్ శిఖరం ఎదురుగా కూర్చోవచ్చు. కేవలం స్కీయింగ్ కోసమే కట్టిన కొత్త రిసార్ట్‌లలో కొన్ని చోట్ల హోటల్ దాటితే స్లోపే తప్ప నడవడానికి దారి కూడా ఉండదు. పెద్దవాళ్లు వస్తున్నారంటే ఈ ఒక్క కారణంతో మేం చోటు మార్చేస్తాం.

"లిఫ్ట్ పక్కనే" అన్న మాట కూడా మేం ఇక నమ్మం. పోయిన సీజన్‌లో ఒక హోటల్ అలాగే చెప్పింది, తీరా చూస్తే ఐస్ పట్టిన ఎత్తు రోడ్డు. స్కీ బూట్లతో, భుజం మీద స్కీలతో, చేయి పట్టుకున్న పిల్లవాడితో ఆ రోడ్డు ఎక్కి చూస్తే తెలుస్తుంది ఎంత దూరమో. ఇప్పుడు ప్రతి హోటల్‌నీ రెండు ప్రశ్నలు అడుగుతున్నాం. దారి ఎత్తా, పల్లమా? ఆ దగ్గరున్న లిఫ్ట్ కొత్తవాళ్ల స్లోప్‌కి వెళ్తుందా? సరైన జవాబు రాకపోతే ఆ హోటల్ పేరు మీ దాకా రాదు.

రన్‌లు దాటి బయటి మంచులోకి, అంటే ఆఫ్-పీస్ట్‌కి వెళ్లాలనుకునేవాళ్లతో ఒక్క విషయం గట్టిగా చెబుతున్నా. గైడ్ లేకుండా మేం ఏర్పాటు చేయం. మంచు చరియల ప్రమాదాన్ని యూరప్‌లో 1 నుంచి 5 వరకు అంకెలతో చెబుతారు. 3 అనగానే మధ్యలో ఉంది కదా, పర్లేదనుకుంటారు. 3 ఉన్న రోజు నిటారు స్లోప్ మీద ఒక్క మనిషి బరువుకే చరియ కదలొచ్చు. గుల్‌మార్గ్ పై భాగం చాలావరకు చదును చేయని సహజమైన కొండే, అక్కడ స్కీ పట్రోల్, అంటే కొండ మీద భద్రత చూసేవాళ్లు, మూసిన వైపు వెళ్లడం మీ ధైర్యానికి సంబంధించిన విషయం కాదు. ఇన్సూరెన్స్ కూడా చదవండి. చాలా పాలసీల్లో స్కీయింగే విడిగా చేర్చుకోవాలి, ఆఫ్-పీస్ట్‌కి ఇంకో షరతు, హెలికాప్టర్ రెస్క్యూ ఉందో లేదో ఇంకోచోట రాసి ఉంటుంది. పాలసీ కాపీ మాకు పంపండి, చదివి ఏం లేదో చెబుతాం.

ఒకే వారంలో రెండు ఊళ్లు చూపించమని అడుగుతున్నారు. ఈ ఏడాది నుంచి ఆపేస్తున్నాం. సామాను సర్దడం, రోడ్డు ప్రయాణం, కొత్త చోట మళ్లీ బూట్లు కొలిపించుకోవడం, ఇవన్నీ కలిస్తే ఒక పూర్తి రోజు పోతుంది. బూట్లు అన్నాను కదా, అద్దెకి తీసుకునేటప్పుడు తొందరపడకండి. నిటారుగా నిలబడితే వేళ్లు ముందు భాగానికి తగిలీ తగలనట్టు ఉండాలి, మోకాళ్లు ముందుకి వంచితే వేళ్లు కాస్త వెనక్కి జరగాలి, మడమ పైకి లేవకూడదు. లోపల ఒక్క జత సాక్సులే, రెండు వేస్తే వెచ్చగా ఉండదు సరికదా కాలు ఒరుసుకుపోతుంది. స్కీ నుంచి బూటు ఎంత బలానికి ఊడాలో మీ బరువు, ఎత్తు, వయసు, స్కీయింగ్ స్థాయి, బూటు పొడవు చూసి బిగిస్తారు. బరువు తగ్గించి చెప్పకండి, చెప్తే స్కీ ఊడకూడని చోట ఊడుతుంది.

మాకు రాసేటప్పుడు ఇవి రాయండి: ఎంతమంది, పిల్లల వయసులు, ఒక్కొక్కరికి ఎంత వచ్చు, ఎవరు స్కీ చేయరు, తేదీలు అటూ ఇటూ కదులుతాయా లేదా, విమానం దిగాక రోడ్డు మీద ఎన్ని గంటలు కూర్చోగలరు. ఊరి పేరు మనసులో ఉంటే అదీ రాయండి, కుదురుతుందో లేదో, కుదరకపోతే ఎందుకో దాచకుండా చెబుతాం. ఫిబ్రవరి సెలవుల వారాలు తప్ప వేరే వీలు లేనివాళ్లు మాత్రం అందరికంటే ముందు రాయండి. గదులు చివర్లో కూడా ఒకటీ అరా దొరుకుతాయి, ఆ వారాల్లో ఇన్‌స్ట్రక్టర్లు దొరకరు.