కౌజు పిట్టల మేత కంపెనీకి: ఒక్క ప్రశ్న అడిగి 23 రోజులైంది

నరసాపురం,
6 సెప్టెంబరు 2025

మేనేజర్ గారికి,

విషయం: మా పిట్టల గురించి ఆగస్టు 14 నుంచి అడుగుతున్నా మీవాళ్లు జవాబు చెప్పకపోవడం.

అయ్యా,

మీ సంచి మీద ఒక ఫోన్ నంబరు ఉంటుంది. దాని పక్కన పక్షుల నిపుణుల సలహా ఉచితం అని పెద్ద అక్షరాలతో వేశారు. ఆ మాట నమ్మి ఫోన్ చేసినందుకు నేను పడ్డ బాధ మీకు తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. సంచి మీది బ్యాచ్ నంబరు, తేదీ, అంకెలు అన్నీ ఫొటోలు తీసి మీవాళ్లకి మూడుసార్లు పంపాను. వాటిని మళ్లీ ఇక్కడ రాసే ఓపిక నాకు లేదు.

నేను ఇంట్లో లేసు అల్లుకుంటాను. మా ముందు గదిలో 12 కౌజు పిట్టలు ఉండేవి, 10 పెట్టలు, 2 పుంజులు. 2022లో తణుకులో ఒకాయన దగ్గర ఆరింటిని తెచ్చాం. మా అత్తగారికి పక్షవాతం వచ్చి మంచం దిగలేని రోజులవి. ఆవిడ చూసుకోవడానికి ఏదో ఒకటి ఉండాలని మా అబ్బాయి పట్టుబట్టాడు. అప్పటి నుంచి ఆ పంజరం ఆవిడ మంచం పక్కనే ఉంది. ఆవిడ చెయ్యి లోపల పెడితే పిట్టలు వచ్చి వేళ్ల మధ్య గింజలు ఏరుకు తినేవి. పొద్దున్నే ఎన్ని గుడ్లు పెట్టాయో ఆవిడే లెక్క చెప్పేవారు. ఏడు, ఎనిమిది, ఒక్కోరోజు తొమ్మిది. ఈ మూడేళ్లలో మీ మేత తప్ప వేరే మేత వాటికి పెట్టలేదు. 25 కిలోల సంచి మాకు రెండున్నర నెలలు వస్తుంది. ఇప్పటికి 14 సంచులు కొన్నాను. కొట్టాయన తక్కువ ధరలో వేరే మేత చూపించినా, పిట్టలకి అలవాటైన మేత మార్చకూడదని మీదే తెచ్చుకున్నాను.

ఆగస్టు 9న కొత్త సంచి విప్పాం. 13 రాత్రి పంజరంలో దబదబా శబ్దం వస్తే లేచి చూశాను. పిట్టలు నిలువునా పైకి ఎగిరి తలలు ఊచలకి కొట్టుకుంటున్నాయి. కౌజు పిట్టకి భయమేస్తే అలా నిట్టనిలువుగా ఎగురుతుందని నాకు తెలుసు, అందుకే పైకప్పు లోపల గుడ్డ కట్టి ఉంచాను. కానీ మూడేళ్లలో అన్నీ ఒక్కసారి అలా ఎగరడం చూడలేదు. తెల్లారి చూస్తే రెండింటి తలల మీద నెత్తురు. ఆ రోజు నుంచి అవి మా పిట్టలు కావన్నట్టు అయిపోయాయి. అత్తగారు చెయ్యి పెడితే మూలకి పరిగెత్తి ఒకదాని మీద ఒకటి ఎక్కేవి. ఇసుక పళ్లెంలో పొర్లడం మానేశాయి. ఒక పెట్ట వీపు మీద ఈకలు మిగతావన్నీ కలిసి పీకేశాయి. పుంజులు అర్ధరాత్రి కూయడం మొదలుపెట్టాయి. గుడ్లు రెండుకి పడిపోయాయి.

అప్పుడు నేను అడిగింది ఒక్కటే. “ఈ సంచిలో మేత మీరేమైనా మార్చారా?” అవునంటే అవును, కాదంటే కాదు. మేత మారలేదంటే నేను ఇంకోచోట వెతుక్కునేదాన్ని. మారిందంటే సంచి పక్కన పెట్టేసేదాన్ని. ఇంట్లో పెరిగే పిట్ట ఉన్నట్టుండి మారిపోతే ఒక్కో కారణం చూసుకుంటూ, అది కాదంటే కొట్టేసుకుంటూ పోవాలి. నా జాబితాలో మొదటి కారణాన్నే మీరు కొట్టేయనివ్వలేదు.

14న ముందు కొట్టుకి వెళ్లాను. “మాదేముందండీ, సంచి వస్తే అమ్ముతాం, కంపెనీకే చేయండమ్మా” అన్నాడాయన. ఆయన్ని నేనేమీ అనను. మీ నంబరుకి చేస్తే పాట, పాట తర్వాత లేయర్‌కి ఒకటి నొక్కండి, బ్రాయిలర్‌కి రెండు నొక్కండి. రెండూ కోళ్లకే, కౌజు పిట్టలకి ఏదీ లేదు. మీరు కౌజు పిట్టల మేత అమ్ముతున్నారు, మీ ఫోన్‌కి మాత్రం కౌజు పిట్ట అంటే తెలియదు. రెండు నొక్కితే 20 నిమిషాల తర్వాత ఒక అబ్బాయి పలికాడు. “ఎన్ని వేల బర్డ్స్ మేడమ్?” అని అడిగాడు. పన్నెండు అన్నాను. “పన్నెండు వేలా?” అన్నాడు. పన్నెండే అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత కంప్లయింట్ రాసుకుని, 48 గంటల్లో నిపుణుడు ఫోన్ చేస్తాడన్నాడు.

15న పండగ, 16న కృష్ణాష్టమి, 17న ఆదివారం. సరే, సెలవులే కదా అని సర్దుకున్నాను. ఆ మూడు రోజులూ ఫోన్ కొంగున కట్టుకుని తిరిగాను. 18న నేనే చేస్తే కంప్లయింట్ మూసేశామన్నారు. ఎందుకంటే “కస్టమర్ అందుబాటులో లేరు” అని రాసి ఉందట. నా ఫోన్‌లో ఒక్క మిస్డ్ కాల్ కూడా లేదమ్మా అంటే, “సిస్టమ్‌లో అలాగే ఉంది మేడమ్” అంది ఆ అమ్మాయి. నా మాట కంటే ఆ సిస్టమ్ మాటే ఆమెకి నిజమైంది.

19న ఇంకొకాయన ఆర్డర్ నంబరు లేనిదే మాట్లాడనన్నాడు. నేను కొట్టులో డబ్బులిచ్చి, సంచి ఆటోలో వేసుకుని తెచ్చుకున్నాను. ఆర్డర్ నంబరు ఎక్కడి నుంచి తేను? బిల్లు ఉంది అంటే బిల్లు పనికిరాదన్నాడు. 21న వాట్సాప్‌లో వీడియోలు పంపమన్నారు. మా అబ్బాయి రాత్రి రెండింటిదాకా మేలుకుని నాలుగు వీడియోలు తీశాడు, పిట్టలు ఎగరడం, పొడుచుకోవడం, మేత ముక్కుతో చిమ్మేయడం. చూసినట్టు రెండు నీలం గీతలు వచ్చాయి. జవాబుగా మీ కంపెనీ బొమ్మతో శుభోదయం మెసేజ్ వచ్చింది. ఇది నేను కల్పించి రాయడం లేదు, ఫోన్‌లో ఇంకా ఉంది.

23 రాత్రి మా చుక్క చచ్చిపోయింది. రెండేళ్ల పెట్ట. మెడ మీద తెల్ల మచ్చ ఉంటుందని మా అబ్బాయి ఆ పేరు పెట్టాడు. గుడ్లు పెట్టడం దాదాపు మానేసినా అత్తగారికి అదంటేనే ప్రాణం. పైకి ఎగిరి గుడ్డ లేని అంచుకి తల కొట్టుకుంది. మీ నంబరుకి మొదటిసారి చేసి అప్పటికి తొమ్మిది రోజులు.

25న ఈ సంగతి చెప్పాను. అవతలి మనిషి ఒక్క ప్రశ్న అడగకుండా, “మీది గోదావరి జిల్లా కదా, బర్డ్ ఫ్లూ అయి ఉంటుంది, అన్నింటినీ గొయ్యి తీసి పూడ్చేయండి” అన్నాడు. అయ్యా, ఈ ఏడాది ఫిబ్రవరిలో వేల్పూరులో, కానూరులో కోళ్లకి బర్డ్ ఫ్లూ అని భోపాల్ ల్యాబ్ తేల్చినప్పుడు మా చుట్టుపక్కల ఎంత భయపడ్డామో మాకు తెలుసు. కోళ్లు గుంపులు గుంపులుగా రాలిపోవడం చూశాం. నెలల తరబడి గుడ్డు ముట్టుకోవడానికి జంకినవాళ్లున్నారు. ఆ మాట అంత తేలిగ్గా అనేదా? నిజంగా అనుమానం ఉంటే పశువైద్యశాఖకి కబురు చేయమనాలి గాని, బతికున్న 11 పిట్టల్ని పూడ్చేయమని ఫోన్‌లో చెప్తారా? నేను స్పీకర్‌లో పెట్టి మాట్లాడుతున్నాను. పక్క మంచం మీద అత్తగారు విన్నారు. ఆ రోజు ఆవిడ అన్నం తినలేదు.

26న ఇంకొకాయన అసలు కౌజు పిట్టల్ని ఇంట్లో పెంచడమే నేరమన్నాడు. 1972 వన్యప్రాణుల చట్టం అడవి కౌజుల్ని పట్టుకోకూడదని చెప్తుంది. మా ఇంట్లోవి జపనీస్ కౌజులు. 1974లో ఉత్తరప్రదేశ్‌లోని ఇజ్జత్‌నగర్‌కి విదేశం నుంచి తెప్పించి పెంపకంలో పెట్టిన జాతి. ఈ సంగతి మా తొమ్మిదో తరగతి పిల్లాడికి తెలుసు. ఆ పిట్టలకే మేత అమ్ముకుంటున్న మీ మనిషికి తెలియదా? నా నోరు మూయించడానికి చట్టం పేరు వాడుకున్నాడని నేను అనుకుంటున్నాను.

చవితి మర్నాడు, 28న ఒక బుట్టలో రెండు పిట్టల్ని పెట్టుకుని పశువుల ఆసుపత్రికి వెళ్లాను. బయట గేదెలు, ఒక దూడ, పది మంది జనం. నేను బుట్టతో సిగ్గుపడుతూ నిలబడ్డాను. డాక్టరు గారు నవ్వలేదు. అరగంట కూర్చోబెట్టి అడిగారు. రాత్రి లైటు ఎన్ని గంటలు వేస్తున్నారు? పంజరం చోటు మార్చారా? ఎలుకలున్నాయా? మేత ముక్కిన వాసన వస్తోందా? రెట్ట ఎలా ఉంది? ఈ ప్రశ్నల్లో ఒక్కటైనా మీవాళ్లు ఈ 23 రోజుల్లో అడిగారా?

అప్పుడు నాకు తెలిసిన సంగతులు దాచుకోను. తప్పు నాలోనూ ఉంది. దసరాకి ఇవ్వాల్సిన లేసు ఆర్డరుంటే ఆ గదిలోనే రాత్రి పన్నెండు దాకా ట్యూబ్‌లైటు కింద కూర్చుంటున్నాను. గుడ్లు పెట్టే కౌజుకి రోజుకి 14 నుంచి 16 గంటల వెలుతురు చాలు. నేను 18 గంటలు ఇస్తున్నాను. నిద్ర చాలని పిట్టలకి చిరాకు, పోట్లాట పెరుగుతాయట. పైగా పన్నెండింటికి ఠక్కున లైటు ఆపేస్తే ఉన్నట్టుండి పడ్డ చీకటికి బెదిరి ఎగురుతాయట. పంజరం వెనక గోడలో ఎలుక కన్నం కూడా దొరికింది. కన్నం సిమెంటుతో పూడ్చాను, లేసు పని వంటగదిలోకి మార్చాను, సాయంత్రం పెద్ద లైటు ఆపి ముందు చిన్న బల్బు వేసి, తర్వాత అదీ తీసేస్తున్నాను. నాలుగో రాత్రికి ఎగరడం ఆగిపోయింది.

కానీ పొడుచుకోవడం ఆగలేదు. మేతలో మాంసకృత్తులు తగ్గినా ఈకలు పీకుతాయని, వానాకాలం మన తడి గాలికి మేతలో బూజు పడితే తినడం, గుడ్లు రెండూ తగ్గుతాయని డాక్టరు గారు చెప్పారు. “మేత మారిందో లేదో కంపెనీ చెప్పాలమ్మా, చూపుతో నేను చెప్పలేను” అన్నారు. మళ్లీ మీ దగ్గరికే వచ్చి ఆగాను. సెప్టెంబరు 1 నుంచి వేరే మేత కొంచెం కొంచెంగా కలిపి పెడుతున్నాను. పొడుచుకోవడం తగ్గింది, నిన్న నాలుగు గుడ్లు. ఇది మేత మార్చడం వల్లో, లైటు మార్చడం వల్లో నేను ఒట్టేసి చెప్పలేను. చెప్పగలిగిన వాళ్లు మీరొక్కరే.

సెప్టెంబరు 2న మీ నిపుణుడు ఎట్టకేలకు ఫోన్ చేశాడు. సంతోషంతో కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మూడు నిమిషాల్లో రెండు నిమిషాలు మీ కంపెనీ టానిక్ గురించి చెప్పాడు. నా ప్రశ్న అడిగితే అది తన విభాగం కాదన్నాడు. మరి ఎవరిది బాబూ అంటే, “పన్నెండు పిట్టలకి ఇంత గోలేంటమ్మా” అన్నాడు. 4వ తేదీన మెసేజ్ వచ్చింది: “మీ సమస్య పరిష్కారమైంది. మా సేవకు మార్కులు ఇవ్వండి.”

ఆ ఒక్క మాట దగ్గరే నాకు ఒళ్లు మండిపోతోంది. పన్నెండు పిట్టలు. పన్నెండు వేల పిట్టలున్నవాడికి చెప్పే జవాబు, పన్నెండున్నవాళ్లకి చెప్పకూడదని మీ కంపెనీ రూలా? నా డబ్బులు తీసుకునేటప్పుడు ఎన్ని పిట్టలని ఎవరూ అడగలేదే? మూడేళ్లుగా మా వీధిలో నన్ను చూసి ఇద్దరు కౌజులు తెచ్చుకున్నారు. వాళ్లకీ మీ మేతే చెప్పాను. ఇప్పుడు వాళ్లకి నేనే ఇల్లిల్లూ తిరిగి ఈ కథ చెప్తున్నాను.

నాకు సంచి డబ్బులు వెనక్కి అక్కర్లేదు. ఇస్తే కాదనను గాని దాని కోసం ఈ ఉత్తరం కాదు. ఆ బ్యాచ్‌లో మేత మారిందా లేదా అన్నది కాగితం మీద రాసి, సంతకం పెట్టి పంపండి. పూడ్చేయమన్న మనిషి మా అత్తగారితో ఒకసారి మాట్లాడి తప్పయిందని చెప్పాలి. మీ ఫోన్‌లో కౌజు పిట్టలకి ఒక అంకె పెట్టండి. ఇంకా చాలా అడగాలని ఉంది, అడగలేకపోతున్నాను.

పది రోజులు చూస్తాను. తర్వాత 1915కి ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు రాయిస్తాను. అక్కడా కదలకపోతే 2019 చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. ఇంత చిన్న కేసుకి ఫీజు కూడా ఉండదని, వకీలు లేకపోయినా వేసుకోవచ్చని కనుక్కున్నాను. బిల్లులు, మెసేజ్‌లు, నాలుగు వీడియోలు, ఏ రోజు ఎన్ని నిమిషాలు ఫోన్‌లో నిలబెట్టారో రాసుకున్న కాగితం, అన్నీ ఒక కవరులో పెట్టాను. బెదిరిస్తున్నానని అనుకుంటే అనుకోండి.

ఆ సంచిలో ఇంకా 17 కిలోల మేత ఉంది. మూతి బిగించి కట్టి, తడి తగలకుండా అటక మీద పెట్టించాను. శాంపిల్ తీసుకెళ్తామంటే రండి. మధ్యాహ్నం రెండు దాటాక ఎప్పుడైనా ఇంట్లోనే ఉంటాను. ఫోన్ చేస్తే మాత్రం ముందు మా అత్తగారితో మాట్లాడండి.

ఇట్లు,
2022 నుంచి మీ మేత కొంటున్న కస్టమరు