కృష్ణా నీటికి ముందు కొలత సరిచేయండి

సంపాదకులకు,

811 టీఎంసీల (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు) కృష్ణా నీటిలో ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299 అన్న 2015 నాటి తాత్కాలిక లెక్కపైనే ఏటా తగాదా. కానీ కాలువలో అసలెంత పారిందో ఇద్దరికీ ఒకే అంకె లేనప్పుడు వాటాల మాట ఎలా తెగుతుంది?

సెకనుకు ఒక ఘనపుటడుగు పారితే ఒక క్యూసెక్కు. 11,574 క్యూసెక్కులు ఒక రోజు పారితే ఒక టీఎంసీ. చాలా చోట్ల స్కేలుపై నీటిమట్టం చూసి, ఏ మట్టానికి ఎంత పారుతుందో చెప్పే పట్టిక ప్రకారం ప్రవాహం రాసుకుంటారు. గుర్రపుడెక్క అల్లుకున్నా, దిగువన పూడిక పేరుకున్నా నీళ్లు నెమ్మదించి మట్టం లేస్తుంది. పాత పట్టిక మాత్రం ఎక్కువ పారిందంటుంది! పదివేల క్యూసెక్కుల కాలువలో 5 శాతం తప్పు నెలకు 1.3 టీఎంసీ. ఇది చిన్న తేడా కాదు.

నీళ్లు పారుతుండగానే కాలువ అడ్డంగా పలుచోట్ల వేగం, లోతు కొలిచి పట్టిక మార్చాలి. స్కేలు సున్నా గుర్తు కదిలిందేమో ఎత్తు కొలిచే లెవెల్ పరికరం పెట్టి చూడాలి. శ్రీశైలం జలాశయం నుంచి నీళ్లు తీసుకునే పోతిరెడ్డిపాడు, కల్వకుర్తి, నాగార్జునసాగర్ కాలువలు, శ్రీశైలం రెండు విద్యుత్ కేంద్రాలు, అన్నిచోట్లా ఇరు రాష్ట్రాల ఇంజినీర్లు కలిసే కొలిచి సంతకాలు చేయాలి. ఆ రోజువారీ అంకెలు రైతులకూ కనబడాలి.

– ఒక పాఠకుడు, కర్నూలు