సగటున నిద్రపోవడం ఎలా?

సంపాదకుడు గారికి,

మా ఊరు విమానాలు దిగే దారి కింద ఉంది. ఊరి పేరు, విమానాశ్రయం పేరు ఇక్కడ అనవసరం. రాత్రి విమానాల మోత భరించలేక నిరుడు ఒక అర్జీ పెట్టాను. ఒక్క వాక్యంలో జవాబు వచ్చింది: నమోదైన సగటు శబ్దం పరిమితికి లోబడే ఉంది. అది అబద్ధమని నేననను. ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పినవాణ్ని కాబట్టి, ఆ సగటులో ఏమేమి ఇమడగలవో కాగితం మీద వేసి చూశాను.

కేంద్ర పర్యావరణ శాఖ 2018లో విమానాశ్రయాలకు విడిగా శబ్ద పరిమితులు ప్రకటించింది. ఏడాదికి 50 వేలకు మించి రాకపోకలుంటే రద్దీ విమానాశ్రయం కింద లెక్క. అక్కడ పగటి సగటు 70 డెసిబెల్స్, రాత్రి సగటు 65. రాత్రి అంటే పదింటి నుంచి ఆరింటి దాకా, 480 నిమిషాలు. అందులో 15 విమానాలు మన డాబా మీదుగా వెళ్లాయనుకోండి. ఒక్కొక్కటి నిమిషం పాటు 80 డెసిబెల్స్ మోత మోగించింది, తక్కిన 465 నిమిషాలూ చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. సగటు ఎంత వస్తుంది? 64.95. పదిహేను సార్లు ఉలిక్కిపడి లేచినవాడికి పరిమితి లోపలే తెల్లవారింది!

ఇంకో తిరకాసు ఉంది. డెసిబెల్స్ మామూలు కూడికలకు లొంగవు, సంవర్గమానాల (లాగరిథమ్‌ల) లెక్క: శబ్ద శక్తి రెట్టింపైనా అంకె పెరిగేది 3 మాత్రమే. ఆ 15 విమానాలు 30 అయితే సగటు పెరిగేది 3 మాత్రమే. విమానాలు రెట్టింపయ్యాయంటే ఊరంతా కదులుతుంది. 3 డెసిబెల్స్ పెరిగాయంటే ఎవరికి పడుతుంది?

నివాస ప్రాంతాల్లో రాత్రి శబ్దం 45 దాటకూడదని 2000 నాటి నిబంధనలు చెబుతున్నాయి. పది దాటాక పెళ్లివారి మైకు మోగితే పోలీసులు వచ్చి కట్టించేది వాటి బలంతోనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా దేశాలకు 2018లోనే ఇచ్చిన సూచన మరీ కఠినం: రాత్రి విమాన శబ్దం సగటున 40 లోపు ఉండాలి.

విమానాలు వద్దనే మనిషిని కాను. మా అబ్బాయి దుబాయ్ నుంచి వచ్చేది కూడా అర్ధరాత్రి దిగే విమానంలోనే. ఆ ఒక్క రోజు మోత వినపడగానే మా ఆవిడ లేచి అన్నం వండుతుంది.

నా గొడవంతా కొలత గురించే. సిడ్నీలో 1994 నవంబరులో మూడో రన్‌వే తెరిచినప్పుడు, సగటు శబ్దపు పటంలో మోత ఎక్కువని చూపిన గీతకు బయట ఉన్న కాలనీల వాళ్లూ తమకు ఇబ్బంది ఉండదనుకుని మోసపోయామని రోడ్డెక్కారు. ఆ రభస తర్వాత అక్కడి రవాణా శాఖ మామూలు మనిషికి అర్థమయ్యే మరో లెక్క తెచ్చింది. దాని పేరు ఎన్70. రోజులో 70 డెసిబెల్స్ దాటిన విమానాలు ఎన్ని అన్నదే ఆ లెక్క. బయట 70 ఉంటే, కిటికీలు తెరిచిన గదిలో మాటలకు అడ్డుపడేంత మోత. ఫలానా వీధికి రోజుకు 20 అంటే, దానికి నాలాంటి మాస్టారు వచ్చి వివరించనక్కర్లేదు. అక్కడ రాత్రి పదకొండు నుంచి ఆరింటి దాకా విమానాలకు చట్టబద్ధమైన ఆంక్షలు కూడా ఉన్నాయి. లండన్ హీత్రోలో, పడమటి గాలి వీచే రోజుల్లో, మధ్యాహ్నం మూడింటికి దిగే విమానాలను ఒక రన్‌వే నుంచి రెండో దానికి మారుస్తారు. ఆ దిగే దారుల కింద ఉన్నవాళ్లకు రోజులో కొంతసేపైనా ఊపిరి పీల్చుకునే వీలు దొరుకుతుంది. మనకు రాత్రి ఆంక్షలు సాధ్యమో కాదో నేను చెప్పలేను, గల్ఫ్ ప్రయాణికుల గోడు నాకూ తెలుసు. లెక్క చెప్పడానికి మాత్రం ఏ అడ్డూ లేదు.

భోగాపురం, మామునూరు అంటూ కొత్త రన్‌వేల ముచ్చట వింటున్నాం. ఏ రన్‌వే అయినా తెరవకముందే చుట్టుపక్కల ఊళ్ల రాత్రి నిశ్శబ్దాన్ని కొలిచి భద్రపరచాలి. ఆ తర్వాత ఆ అవకాశం రాదు. విమానాలు మొదలయ్యాక ఊరివారీగా, గంటవారీగా ఎన్ని విమానాలు ఎంత మోతతో వెళ్లాయో ప్రతి నెలా పంచాయతీ గోడ మీద తెలుగులో అంటించాలి. వెంచర్ల వాళ్లు బ్రోచర్లలో ‘ఎయిర్‌పోర్టుకు పది నిమిషాలు’ అని పెద్ద అక్షరాలతో వేసుకుంటున్నారు కదా, రాత్రికి ఎన్ని విమానాలు ఆ ప్లాటు మీదుగా వెళతాయో అంతే పెద్ద అక్షరాలతో దాని పక్కనే వేయాలని ప్రభుత్వం ఆదేశించాలి.

– ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు