కొలతలు లేని చిట్కాలతో కత్తెరకే పని

సంపాదకులకు నమస్కారం.

శ్రావణమాసం దగ్గర పడిందంటే పత్రికల్లో పాత చీరలతో సంచులు, జాకెట్ ముక్కలతో బహుమతులు, చింకి గుడ్డలతో కాళ్లు తుడుచుకునే పట్టాలు అంటూ రంగురంగుల బొమ్మలు మొదలవుతాయి. మీ మహిళా పేజీ కూడా అంతే. బొమ్మలు చూడముచ్చటగా ఉంటాయి. గుడ్డ పన్నా, అంటే వెడల్పు ఎంత ఉండాలి, కోతకు ఎంత తీసుకోవాలి, కుట్టుకు ఎంత వదలాలి, ఏ గుడ్డ పనికిరాదు అన్న నాలుగు మాటలు మాత్రం ఎక్కడా కనిపించవు. చదివినవాళ్లు ఉత్సాహంగా కత్తెర పట్టుకుంటారు. తీరా చూస్తే చీర ముక్కలవుతుంది గాని సంచి తయారవదు. చిట్కాతో పాటు కొలత కూడా వేయమని అడగడానికే ఈ ఉత్తరం. ఎలా వేయాలో చెప్పడానికి కొన్ని కింద ఇస్తున్నాను.

ముందు జాకెట్ ముక్కల సంగతి. పేరంటాల్లో, వ్రతాల్లో వచ్చినవి ఇంటింటా బీరువాల్లో దొంతర్లుగా ఉంటాయి. ఒకరు పెట్టింది ఇంకొకరికి వాయనంలో పోతుంటుంది. కొన్నింటి మడత ఇంతవరకూ ఎవరూ విప్పి ఉండరు. విప్పి కొలిస్తే చాలావరకు 80 సెంటీమీటర్ల నిడివి, అంటే 31న్నర అంగుళాలు, పన్నా 36 అంగుళాలు ఉంటాయి. ఒక్క ముక్కలో చేత్తో పట్టుకునే పట్టీలతో సహా మూడు తాంబూలం సంచులు వస్తాయి. నిడివి వైపు 25 అంగుళాలు, పన్నా వైపు 10 అంగుళాల చొప్పున మూడు ముక్కలు పక్కపక్కనే గీసుకోవాలి. పన్నాలో 30 అంగుళాలు పోగా ఒక పక్కన 6 అంగుళాల గుడ్డ నిలువుగా మిగులుతుంది. కింద 6న్నర అంగుళాల గుడ్డ అడ్డంగా మిగులుతుంది. పట్టీ ఒక్కొక్కటి 12 అంగుళాల పొడవు, 3 అంగుళాల వెడల్పు. పక్క గుడ్డలో నాలుగు, కింది గుడ్డలో నాలుగు వస్తాయి. సంచికి రెండు చొప్పున కావలసినవి ఆరే.

ఆ రెండు అదనపు పట్టీలు ఊరికే లేవు. కత్తిరించే ముందు గుడ్డను రాత్రంతా నీళ్లలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేయాలి. నూలు గుడ్డ మొదటిసారి తడిసినప్పుడు ముడుచుకుంటుంది. నిడివిలో అంగుళంన్నర తగ్గినా కింది గుడ్డలో రెండు పట్టీలు వస్తాయి కాబట్టి ఆరుకు లోటు రాదు. పన్నా 35కు తగ్గితే పక్క గుడ్డలోని పట్టీల వెడల్పు రెండున్నర అంగుళాలు చేసుకుంటే సరి. తడపకుండా కుట్టిన సంచి కుట్టినప్పుడు బాగానే ఉంటుంది, మొదటి ఉతుకులో పట్టీ ఒకలా, సంచి ఒకలా ముడుచుకుని మూతి వంకరపోతుంది. రంగు దిగే ఎరుపు, మెరూన్ ముక్కలను విడిగా నానబెట్టాలని వేరే చెప్పక్కర్లేదు.

కుట్టే వరసలోనూ పొరపాట్లు జరుగుతుంటాయి. చాలామంది పక్కలు ముందు కుట్టేసి, సంచి గొట్టంలా అయ్యాక పట్టీలు వేయబోతారు. అప్పుడు మిషన్ పాదం కింద గుడ్డ తిరగదు. గుడ్డ పరిచి ఉండగానే పై అంచులు, పట్టీలు ముగించాలి. పట్టీ గుడ్డను నిలువునా సగానికి మడిచి ఇస్త్రీ చేసి, విప్పి, రెండు అంచులూ ఆ మధ్య గీతకు తెచ్చి, మళ్లీ సగానికి మడిస్తే ముప్పావు అంగుళం వెడల్పున నాలుగు పొరల పట్టీ వస్తుంది. రెండు అంచుల వెంట కుట్టు వేయాలి. తర్వాత సంచి ముక్క రెండు చివర్లా ముందు అర అంగుళం, మళ్లీ ఒక అంగుళం మడవాలి. పక్క అంచుల నుంచి రెండున్నర అంగుళాల దూరంలో పట్టీ కొసలు ఆ మడత లోపలికి వెళ్లాలి. మడత కుట్టాక పట్టీని పైకి తిప్పి, కొస దగ్గర నలుచదరంగా కుట్టి, మధ్యలో ఇంటూ గుర్తులా రెండు కుట్లు వేయాలి. కొబ్బరికాయ బరువుకు తెగిపోయే సంచుల్లో దారం తెగినవి తక్కువ. పట్టీని పై అంచుకు ఒకే వరసలో కుట్టడంతో ఆ వరస వెంట గుడ్డే చిరుగుతుంది. కుట్టు మరీ చిన్నదైతే ఇంకా త్వరగా చిరుగుతుంది, సూది పొడిచిన రంధ్రాలే దానికి దారి. అంగుళానికి పది కుట్లు చాలు. సూది 14వ నంబరుది.

ఇక పక్కలు. సంచిని మంచివైపు బయటకు ఉండేలా మడిచి, అంచుకు పావు అంగుళం లోపల ఒక కుట్టు వేసి, పోగులు కత్తిరించి, తిరగేసి, మళ్లీ పావు అంగుళం లోపల కుట్టాలి. పోగులన్నీ రెండు కుట్ల మధ్య దాగిపోతాయి, అంచు పోగులు ఊడకుండా కుట్టే ఓవర్‌లాక్ మిషన్ అక్కర్లేదు. చివరగా అడుగు మూలలు. సంచి తిరగవైపు ఉండగానే పక్క కుట్టు అడుగు మడత మీదికి వచ్చేలా మూలను త్రికోణంగా పరిచి, కొస నుంచి అంగుళంన్నర లోపల అడ్డంగా కుట్టాలి. అక్కడ వెడల్పు 3 అంగుళాలు ఉంటుంది. రెండో మూల కూడా అంతే. తిరగేస్తే 6 అంగుళాల పొడవు, 3 అంగుళాల వెడల్పు అడుగు, 9న్నర అంగుళాల ఎత్తు ఉన్న సంచి తయారు. కొబ్బరికాయ, రెండు అరటిపండ్లు, ఆకూ వక్కా, ఒక జాకెట్ ముక్క పడతాయి. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే అవతలి చెయ్యి కనిపించేంత పలచటి రుబియా జాకెట్ గుడ్డ అయితే లోపల పాత లుంగీ గుడ్డో పంచె ముక్కో జోడించక తప్పదు.

దుకాణంలో గుడ్డ సంచి పేరుతో అమ్మే నాన్ ఓవెన్ (నేయకుండా పోగులను అతికించి చేసే) సంచుల్లో చాలావరకు పాలీప్రొపిలీన్, అంటే ప్లాస్టిక్. 2021లో సవరించిన ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనలు కూడా వాటిని ప్లాస్టిక్ సంచుల కిందే లెక్కగట్టి, చదరపు మీటరుకు 60 గ్రాములకు తగ్గకూడదన్నాయి. ఇంటి పేరు అచ్చు వేయించి పెళ్లిళ్లలో పంచే సంచుల్లోనూ ఇవే ఎక్కువ. పర్యావరణం కోసమని చెప్పి వీటిని ఇవ్వడం నాకు మింగుడుపడదు. అనుమానం ఉంటే నాలుగు పోగులు లాగి, పట్టకారుతో పట్టుకుని, ఆరుబయట నీళ్ల గిన్నె పక్కన పెట్టుకుని వెలిగించి చూడండి. నూలు అయితే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద రాలుతుంది. పాలియెస్టర్, పాలీప్రొపిలీన్ అయితే ముడుచుకుని, కరిగి, గట్టి పూసలా గడ్డకడుతుంది. పట్టు పోగు వెంట్రుక కాలిన వాసన వేస్తుంది.

ఈ పరీక్ష మసిగుడ్డల విషయంలో మరీ ముఖ్యం. పాత చీరతో వంటింటి మసిగుడ్డలు కుట్టుకోమని రాసేవాళ్లు నూలు చీర అని ఒక్క మాట చేర్చాలి. పాలియెస్టర్‌తో నేసిన జార్జెట్, షిఫాన్, ఇంకే పాలియెస్టర్ గుడ్డయినా వేడి మూకుడు చెవికి తగిలితే కరిగి వేలికి అంటుకుంటుంది. జీన్స్ అయినా సాగేది వద్దు, అందులోనూ సింథటిక్ పోగు ఉంటుంది. పైనా కిందా నూలు గుడ్డ, మధ్యలో పాత టర్కీ తువ్వాలు రెండు పొరలు, 8 అంగుళాల చదరం, చుట్టూ ఏటవాలుగా కోసిన 2 అంగుళాల క్రాస్ పట్టీ. ఇంతే దాని పని. తడి మసిగుడ్డతో వేడి గిన్నె దించకూడదు, తడి ద్వారా వేడి చప్పున చేతికి చేరుతుంది.

బొంత దగ్గర కాస్త ఆగాలి. ఇంట్లో కుట్టగలిగిన వాటిలో ఇంతకు మించి పనికొచ్చేది లేదని నా అభిప్రాయం. కాని బొమ్మ వేసి వదిలేస్తే కుదిరే పని కాదిది. అయిదున్నర మీటర్ల చీర సుమారు 216 అంగుళాలు, పన్నా 45. దాన్ని నాలుగు పొరలుగా మడిస్తే 54 అంగుళాలకు 45 అంగుళాల పిల్లల బొంత ఒక్క చీరతోనే అయిపోతుంది, కోత కూడా అక్కర్లేదు. పెద్దవాళ్లకైతే రెండు చీరలు తీసుకుని, ఒక్కోదాంట్లో 84 అంగుళాలవి రెండేసి ముక్కలు కోస్తే నాలుగు పొరలు. ఒక్కో చీరలో మిగిలే 48 అంగుళాలు దిండు గలీబులకు వెళ్తాయి. బాగా నలిగి పలచబడిన పొరలు మధ్యలో ఉండాలి, గట్టివి పైనా కిందా. ముదురు పూల చీర లోపల పెడితే లేత రంగు పై పొరలోంచి మచ్చలా కనబడుతుంది.

చీరల్లో గంజి పూర్తిగా పోయేదాకా ఉతకాలి. గంజి ఉంటే సూది దిగదు, పైగా పురుగు చేరుతుంది. ఉతికిన చీరలను చాప మీద ఒకదానిమీద ఒకటి పరిచి, అరచేత్తో మధ్య నుంచి అంచులకు సర్ది, జానెడు దూరానికో వరస చొప్పున తర్వాత విప్పేసే పెద్ద టాకాలు వేయాలి. అసలు కుట్టు కూడా మధ్యలోనే మొదలుపెట్టి అంచులకు పోవాలి. ఒక అంచున మొదలుపెట్టి రెండో అంచుకు పోతే పై పొర కొద్దికొద్దిగా జరుగుతూ పోయి చివరకు ఒక ఉబ్బులా పోగవుతుంది. అప్పుడు విప్పడం తప్ప దారి లేదు. వరసల మధ్య అంగుళంన్నర ఉంటే సరిపోతుంది. దూరం పెంచితే ఉతికినప్పుడు లోపలి పొర ముద్ద కడుతుంది. మరీ దగ్గరైతే బొంత బిరుసెక్కి ఒంటికి చుట్టుకోదు. దారం మూరెడు కంటే పొడుగు తీసుకుంటే చిక్కుపడుతుంది. కొసముడి పొరల మధ్యకు లాగి దాచాలి. పాత చీరలో కొత్త గుడ్డ కలపాల్సి వస్తే దాన్ని ముందు రెండుసార్లు ఉతకాలి.

ఏ నేత దేనికన్నది కూడా రాయదగ్గ విషయమే. మంగళగిరి నూలు చీర నేత దట్టం, సంచికి నిలుస్తుంది. వెంకటగిరి పలచన, మెత్తన. సంచికి పనికిరాదు గాని చంటిపిల్లల పొత్తిగుడ్డలకు దాన్ని మించింది లేదు. గద్వాల చీరలో ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. రెంటినీ కలిపే ఒకటిగా వాడితే ఉతికినప్పుడు ఒకటి ముడుచుకుని ఇంకొకటి ముడుచుకోక కుచ్చులు పడతాయి. అంచు విడదీసి వేరే పనికి వాడుకోవడం మేలు.

పాత పట్టుచీర మడతల దగ్గరా, జరీ పక్కనా పిగిలి ఉంటుంది. చేత్తో చిన్నగా లాగి చూస్తే తెలిసిపోతుంది. అలాంటి పట్టును నగల సంచులకు వాడాలంటే నూలు గుడ్డ మీద పరిచి అంగుళానికో వరస కుట్టాకే కత్తిరించాలి. కత్తిరించాక అతికించబోతే పోగులు ఊడి సగం చేతికి వస్తుంది. జరీ మీద నేరుగా ఇస్త్రీ పెట్టొద్దు, పైన నూలు గుడ్డ వేయాలి.

జడ అల్లి చుట్టిన పట్టాల గురించి ఒక హెచ్చరిక. రెండంగుళాల పేలికలతో మూడు పాయల జడ అల్లి, చుట్టలు చుట్టి, సూదీ దారంతో కలపడం తేలికే. కాని చుట్ట పెద్దదయ్యే కొద్దీ బయటి వరసకు పొడవు ఎక్కువ కావాలి. జడను బిగలాగి కుట్టేస్తే ఆ పొడవు అందక పట్టా అంచులు గిన్నెలా పైకి లేస్తాయి. మొదటి నాలుగైదు చుట్లలో జడను లాగకుండా, కాస్త వదులుగా నెట్టుతూ, బల్ల మీద పరిచే కుట్టాలి. ఒళ్లో పెట్టుకుని కుడితే లేచింది కనబడదు. సింథటిక్ చీరల పట్టా టైల్సు మీదా గ్రానైట్ మీదా జారుతుంది. పెద్దవాళ్లున్న ఇంటికి దాన్ని కానుకగా ఇవ్వకపోవడమే మంచిది. ఇవ్వాలనుకుంటే అడుగున రబ్బరు జాలీ కుట్టి ఇవ్వండి.

మీకు ఒక్క మనవి. ఇలాంటి చిట్కా వేసినప్పుడల్లా కోత కొలత, తయారైన కొలత, సూది నంబరు, పనికిరాని గుడ్డ పేరు కూడా వేయండి. స్థలం చాలదంటే ఒక ఫొటో తగ్గించండి. ఇంకో మేలు కూడా మీరు చేయగలరు. కుట్టు నేర్చుకునేవాళ్లందరూ పేపర్ కటింగ్ చేసేది మీ పత్రికల మీదే. పైన చెప్పిన తాంబూలం సంచి ముక్కను సగానికి మడిస్తే 10 అంగుళాలకు పన్నెండున్నర. మీ పూర్తి పేజీలో అసలు కొలతలోనే ఆ బొమ్మ పట్టేస్తుంది. మడత వైపు ఏదో, పట్టీ ఎక్కడ రావాలో చుక్కల గీతలతో చూపి అచ్చు వేస్తే, కత్తిరించి నేరుగా గుడ్డ మీద పెట్టుకోవచ్చు. ఆ బొమ్మ లోపల చుక్కల గీతలు తప్ప ఇంకే సిరా లేకుండా ఖాళీగా వదలండి. లేకపోతే లేత రంగు గుడ్డలకు మసి అంటుకుంటుంది.

ఇట్లు,
కుట్టుపని నేర్పే ఒక పాఠకురాలు,
ఏలూరు